కుర్చీ చుట్టూ కట్టిన ఇల్లు

అక్టోబర్ 3

రాస్తే గుండె బరువు దిగుతుందని పాస్టర్ హెడ్విగ్ ఈ పుస్తకం ఇచ్చింది. నేను ఆరో క్లాసుతో బడి మానేసినదాన్ని. గుండె సంగతేమో గాని వేళ్ళు నొప్పి పుడుతున్నాయి.

ఇవాళ్టి కబురు. నాకు ఇల్లు ఇస్తున్నారు. మీటింగ్‌లో అందరూ చేతులెత్తారు. రోక్సాన్ ఆ చేతులన్నీ చూసి, డార్లీన్, నువ్విక మా నెత్తిన పడ్డట్టే, అంది. రోక్సాన్ ఈ ఏడాదికి మా ఊరి ప్రెసిడెంటు. వెనకటికి సిటీ బస్సు నడిపేది. ఇప్పటికీ ఎవరితో ఏం మాట్లాడినా, లోపలికి జరగండి, ఇంకా లోపలికి, అన్నట్టే ఉంటుంది.

ఊరంటే ఏమీ లేదు. చర్చి వెనక కంకర నేల. దాని మీద వరసగా చిన్న చిన్న చెక్క ఇళ్ళు. మధ్యలో అందరికీ కలిపి ఒక వంటిల్లు, ఒక స్నానాల గది. గేటు దగ్గర వంతులవారీ కాపలా. రోడ్డున పడ్డవాళ్ళం మమ్మల్ని మేమే ఏలుకునే ఊరు. చర్చి వాళ్ళు దానికి కొత్త వేకువ అని బోర్డు పెట్టారు. మేం మాత్రం పెట్టెలంటాం. నీది ఏ పెట్టె, నాది మూలపెట్టె, ఇలా.

నా ఇంట్లో ఒక మంచం, ఒక చిన్న బల్ల, మేకులకి నాలుగు బట్టలు పడతాయి. మా పాత ట్రైలర్ ఇంట్లో వేలన్ బూట్లు విడిచే చోటు ఇంతకన్నా విశాలం. కాని తలుపుకి తాళం ఉంటుంది. చెవి నా జేబులో ఉంటుంది. అది తలుచుకుంటే నవ్వొచ్చింది. నవ్వినందుకు ఏడుపొచ్చింది.

వేలన్ నా కొడుకు. ఒక్కడే. ఫిబ్రవరిలో పోయాడు. టైర్ల షాపులో లారీ చక్రం ఎత్తుతూ కూలబడ్డాడు, మళ్ళీ లేవలేదు. గుండె అన్నారు. ట్రైలర్ అద్దె కట్టేది వాడే. వేసవికల్లా నేను నా పికప్ బండిలో ఉన్నాను.

ఇంతకన్నా రాయలేను ఇవాళ.

అక్టోబర్ 5

కుర్చీ గురించి రాయాలి. లేకపోతే ముందు జరిగేది ఏదీ అర్థం కాదు. ఎవరికి అర్థం కావాలో తెలీదు. నాకే అనుకో.

వేలన్ మొదటి జీతంతో కొన్న పడక్కుర్చీ. పక్కన పిడి లాగితే కాళ్ళ కింద పలక లేస్తుంది, వీపు వెనక్కి వాలుతుంది. గోధుమరంగు. పడుకున్న ఎలుగుబంటంత ఉంటుంది. అమ్మా, ఇది నీకే, అన్నాడు. ఆ రోజు నుంచి అందులో కూర్చున్నది వాడే. వాడు ఆరడుగుల పైన మనిషి. జుట్టుకి నూనె దట్టించి వెనక్కి దువ్వేవాడు. నేను అందులో కూర్చుంటే కాళ్ళు నేలకి ఆనవు, తల కుర్చీ వీపులో సగానికి కూడా రాదు.

ట్రైలర్ వదిలినప్పుడు టీవీ వదిలేశాను, మంచం వదిలేశాను, పెళ్ళినాటి పింగాణీ సామాను వదిలేశాను. కుర్చీని వదల్లేదు. పికప్ వెనక ఎక్కించి, పైన టార్పాలిన్ కట్టి, అందులోనే పడుకుంటున్నాను. వాడు కూర్చుని కూర్చుని సీటుకి గుంట పడింది. వాడి గుంట. అది చెడకూడదని ఎడమ పక్కకి ఒత్తిగిలి, ముడుచుకుని, అంచునే పడుకుంటాను. ఇంకెవరినీ కూర్చోనివ్వను. వంటింటి టిబోడో ఓసారి, మిస్ డార్లీన్, వీపు పట్టేసింది, కాస్త వాలతాను, అన్నాడు. చెప్పు తీశాను. అతను లూసియానా వాడు, మర్యాదస్తుడు. చెప్పు చూసి టోపీ తీసి నమస్కారం పెట్టి వెళ్ళాడు.

చిక్కు ఏమిటంటే, ఊళ్ళో ఇంటి బయట సామాను ఉండకూడదు. బయట కనబడిందంటే పొద్దుగూకేలోపు గేటు పక్కన ఉచితాల బల్ల దగ్గరికి పోతుంది. అక్కడ పెట్టింది ఎవరిదైనా ఎవరైనా తీసుకోవచ్చు. మొన్న స్నానానికి వెళ్తూ ఒకాయన కట్టుడుపళ్ళ సెట్టు కిటికీ మీద పెడితే అదీ పోయింది. అందుకని కుర్చీ లోపలే ఉండాలి.

అక్టోబర్ 11, శనివారం, సాయంత్రం

ఇల్లు కట్టేశారు. ఒక్కరోజులో. చెప్తే నవ్వుతారు, రాస్తాను.

ఇళ్ళు కట్టేది చర్చి వాళ్ళ శనివారం దండు. దానికి పెద్ద ఆర్విడ్ గారు. రిటైరైన పళ్ళ డాక్టరు. రంపం పట్టుకున్నా, కొంచెం జివ్వుమంటుంది, ఓర్చుకోండి, అంటాడు చెక్కతో. గోడలు ముందే చట్రాలుగా బిగించి చర్చి షెడ్డులో పెట్టుకుంటారు. శనివారం పొద్దున నేల పలక పరిచి, నాలుగు చట్రాలు నిలబెట్టి, పైకప్పు వేసి, ప్రార్థన చేసి, ట్యూనా చేప కాసరోల్ తింటారు. ఒరెగాన్ వాన, అక్టోబర్ నెల. వాళ్ళకి తొందర సహజం.

నేల పరిచారో లేదో వాన అందుకుంది. నా కుర్చీ అప్పుడే బండి దింపి కంకర మీద ఉంది. టిబోడో చూసి, అయ్యయ్యో తడుస్తోంది, ఆ పలక మీదికి ఎత్తండి, పట్టా కప్పుదాం, అని అరిచాడు. ఆర్విడ్ గారు తలెత్తకుండానే, పెట్టండి పెట్టండి, అన్నాడు. ఎత్తారు. చర్చి ఆడవాళ్ళు వచ్చి, నువ్వు ఇంటిదానివి, ఇవాళ నువ్వు చెయ్యి కదపకూడదు, కూర్చో, అని నన్ను అందులో కూర్చోబెట్టి గొడుగు ఇచ్చారు, కాఫీ ఇచ్చారు.

కూర్చున్నాను. వెనక గోడ లేచింది. కుడి గోడ లేచింది. ఎడమ గోడ లేచింది. ఆర్విడ్ గారు ప్రతి మూలా వెంట్రుకవాసి తేడా లేకుండా కొలిచాడు. కుర్చీని ఎవరూ కొలవలేదు. ఆఖరికి ముందు గోడ, తలుపు చట్రంతో సహా, నా ఎదుట నిలబడింది.

తలుపు చూశాను. కుర్చీ చేతులు చూశాను. మళ్ళీ తలుపు చూశాను. కాఫీ తాగాను.

పైకప్పు పడ్డాక అందరూ చప్పట్లు కొట్టారు. పాస్టర్ ప్రార్థన చేసింది. కాసరోల్ అయిపోయింది. అప్పుడు మంచం తెచ్చారు. సగం లోపలికి వచ్చి ఆగింది. నెట్టారు. కుర్చీకి తగిలి ఆగింది. ఆర్విడ్ గారు టార్చి తీసి, నోట్లోకి చూసినట్టు తలుపులోంచి లోపలికి చూశాడు. చాలాసేపు చూశాడు.

ఇది లోపలికి ఎలా వచ్చిందండీ, అని అడిగాడు.

అది రాలేదు, ఇల్లే దాని దగ్గరికి వచ్చింది, అన్నాను.

అక్టోబర్ 12

కుర్చీలోనే పడుకున్నాను. పికప్‌లో లాగే. వాన ఒక్కటే బయట ఉంది.

అక్టోబర్ 14

ఊరంతా వచ్చి కుర్చీని బయటికి తేవడానికి ప్రయత్నించారు. నేను వద్దంటూనే ఉన్నాను. రోక్సాన్ వినలేదు. ఎడమకి తిప్పు, రివర్స్ రానీ, రానీ, ఆపు ఆపు ఆపు, అని బస్సు స్టాండులో పెట్టినట్టు చెప్పింది. నిలువునా పెట్టారు, పైకప్పు తగిలింది. పక్కకి వాల్చారు, టిబోడో గోడకీ కుర్చీకీ మధ్య ఇరుక్కున్నాడు. కాసేపు కుర్చీని వదిలేసి అతన్ని బయటికి తీసే పని చేశారు.

కిటికీలోంచి బయటపడ్డాక, మిస్ డార్లీన్, నాకు నీ కుర్చీ మీద ఇక ఏ ఆశా లేదు, అన్నాడు.

అక్టోబర్ 16

కట్టిన ఇళ్ళు తనిఖీ చేసే సిటీ ఇన్‌స్పెక్టరమ్మ వచ్చింది. మంచి మనిషి. గుమ్మంలో చెప్పులు తుడుచుకుంది. తుడుచుకుని లోపలికి రావడానికి చోటు లేక అక్కడే నిలబడింది.

మంచం ఏదమ్మా, అంది. ఇదే, అన్నాను కుర్చీ తట్టి. కిటికీకి దారి ఏదమ్మా, అంది. దీని మీదుగా, అన్నాను. తలుపు దగ్గర నిప్పంటుకుంటే కిటికీలోంచి ఎలా బయటపడతారు, అంది. పొట్టిదాన్నేగాని చురుకైనదాన్ని, ఒక్క గంతేస్తాను, అన్నాను.

వేసి చూపించండి, అంది.

వేశాను. మోకాలు పిడికి తగిలింది. కుర్చీ ఒక్కసారి విచ్చుకుంది. పలక లేచింది, వీపు వాలింది, నేను వెల్లకిలా, కాళ్ళు కిటికీ వైపు, తల ఇన్‌స్పెక్టరమ్మ వైపు. అలాగే పడుకుని ఆమెను తలకిందులుగా చూస్తూ, ఇంకా నిప్పంటుకోలేదుగా, అన్నాను.

పాపం నవ్వు ఆపుకుంది. ఆపుకుని ఎర్ర స్టిక్కర్ అంటించింది. నవంబర్ మొదట్లో మళ్ళీ వస్తానంది. అప్పటికి మంచం వేసి, తలుపుకీ కిటికీకీ దారి ఖాళీగా ఉంటే ఆకుపచ్చ స్టిక్కర్. లేకపోతే ఈ ఇంట్లో మనిషి ఉండటానికి వీల్లేదు.

అంటే కుర్చీ, లేదా ఇల్లు.

అక్టోబర్ 17

కుర్చీని కోసి ముక్కలుగా తీద్దామంటున్నారు. కోయడానికి వీల్లేదు. అంతే.

అక్టోబర్ 19, ఆదివారం

మీటింగ్. మా మీటింగ్‌లో గరిటె ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే మాట్లాడాలి. టిబోడో పెద్ద చెక్క గరిటె. ఎప్పుడూ దేనిదో ఒకదాని వాసన వస్తుంటుంది. ఇవాళ ఉల్లిపాయ.

రోక్సాన్ గరిటె పట్టుకుని, రెండే దార్లు, గోడ విప్పడమా, కుర్చీ కోయడమా, అంది. నాకిచ్చారు. గోడ విప్పండి, అన్నాను. ఆర్విడ్ గారికి ఇచ్చారు. విప్పవచ్చండీ, కాని బయట పలకలు, లోపల దూది, ప్లైవుడ్, అంతా జిగురు పెట్టి బిగించాం, పిప్పి పన్నయితే తేలిగ్గా వచ్చేది, ఇది గట్టి పన్ను, ఒక శనివారం పూర్తిగా పడుతుంది, అన్నాడు. వచ్చే శనివారం లోయిస్ ఇంటిది, అని కూడా అన్నాడు. అది మెల్లిగా అన్నాడు.

లోయిస్ నా తరవాత వరసలో ఉన్న మనిషి. నది ఒడ్డున టెంటులో ఉంటోంది. పుల్లలా ఉంటుంది, దగ్గుతూ ఉంటుంది, ఇవాళ వెనక బెంచీ మీద కూర్చుంది. కూర్చున్న చోట నీళ్ళ మడుగు కట్టింది. లేచి వచ్చి ఆర్విడ్ గారి చేతిలోంచి గరిటె లాక్కుంది.

ఏమమ్మా, నీ కుర్చీకి ఇల్లుంది, నాకు లేదు, అంది. నేను టెంటులో నానిపోతుంటే నీ కుర్చీ కిటికీ పక్కన కూర్చుని వాన చూస్తోందా, అంది. దానికేమైనా కాఫీ కూడా పోస్తున్నావా, అంది.

నాకు ఒళ్ళు మండింది. నీకు పిల్లలున్నారా అసలు, అన్నాను. గరిటె లేకుండా అన్నాను. రోక్సాన్ వెంటనే నాకు గిన్నెలు తోమే వంతు వేసింది.

లోయిస్ గరిటె బల్ల మీద పెట్టేసింది. పెట్టేసి, ఉన్నారు, ఫోన్ ఎత్తరు, అంది.

అదీ గరిటె లేకుండానే అంది. ఆమెకు మాత్రం ఎవరూ వంతు వేయలేదు.

ఓటు గురువారానికి వాయిదా పడింది.

అక్టోబర్ 20, మధ్యాహ్నం

వెళ్ళిపోతాను. ఇల్లొద్దు గిల్లొద్దు. లోయిస్‌నే ఉండమను. నా పికప్ నాకుంది. ఇంజను లేస్తే లేస్తుంది, లేకపోతే అక్కడే ఉంటాను.

బట్టలు మూటగట్టి రోక్సాన్ దగ్గరికి వెళ్ళి చెప్పాను. పో తల్లీ, సుఖంగా పో, కుర్చీ తీసుకునే పో, అంది.

అక్కడే నిలబడిపోయాను.

అలిగి వెళ్ళిపోవడానికి కూడా వీల్లేని ఇల్లు కట్టారు నాకు.

అక్టోబర్ 20, సాయంత్రం

సోమవారం అంటే టిబోడోకి ఎర్ర బీన్స్, అన్నం. భూకంపమొచ్చినా సోమవారం అదే వండుతాడు. నేను వంటింటికి పోలేదు. పళ్ళెం తెచ్చి గుమ్మంలో పెట్టి, తలుపు కొట్టి, చెప్పు దెబ్బ అందనంత దూరం జరిగి నిలబడ్డాడు. చల్లారితే బాగుండదు మిస్ డార్లీన్, నా మీద కోపం బీన్స్ మీద చూపకు, అన్నాడు.

వెనకే రోక్సాన్ వచ్చింది. లోపల కూర్చోవడానికి ఎక్కడా చోటు లేదు, గుమ్మంలోనే చతికిలబడింది. బస్సు దిగిన మనిషిలా ఉంది ఇవాళ, గొంతు తగ్గించి మాట్లాడింది. ఏమే డార్లీన్, నిజం చెప్పు, అందులో ఏముంది, అంది. చేతులు దాచిపెడతాం, వీపు దాచిపెడతాం, నీకు కావలసిందేమిటో చెప్తే అదొక్కటీ కోయకుండా చూస్తాం, అంది.

వాడి గుంట, అన్నాను.

ఏంటీ, అంది.

వాడు కూర్చున్న గుంట. దాన్ని కోసి ఎలా దాస్తావు? దూది తీస్తే గుంట పోతుంది, స్ప్రింగు తీస్తే గుంట పోతుంది. గుంట అంటే అక్కడ లేనిదే కదా. లేనిదాన్ని ఎలా పట్టుకుంటావు, అని అరిచాను. అరిచి, బీన్స్ తిన్నాను. కారం సరిగ్గా పడింది.

ఆర్విడ్ గారితో ఓ మాట చెప్తానని రోక్సాన్ లేచింది.

అక్టోబర్ 21

ఆర్విడ్ గారు వచ్చారు. శనివారం కాకుండా ఆయన్ని చూడటం ఇదే. కుర్చీ ముందు మోకాళ్ళ మీద కూర్చుని చాలాసేపు చూశారు. తాకలేదు.

డార్లీన్ గారూ, అన్నారు. నేను బతుకంతా చేసిన పని ఒక్కటే. మనిషి నోట్లో లేనిదానికి అచ్చు తియ్యడం. పన్ను ఊడిన ఖాళీ ఉంటుంది కదా, ఆ ఖాళీకి అచ్చు తీస్తాను. మీ అబ్బాయిగారి గుంటకి కూడా తీస్తాను. ప్లాస్టర్‌తో. చెక్కుచెదరదు. మీ దగ్గరే ఉంటుంది. ఆ తరవాత కుర్చీ సంగతి మీ ఇష్టం.

ఆలోచించి చెప్తానన్నాను. ఆయన లేచేలోపే సరేనన్నాను.

అక్టోబర్ 23, గురువారం

వరసగా రాయాలి.

ఆర్విడ్ గారు తెల్లకోటు వేసుకొచ్చారు. సంచి తెచ్చారు. సీటు మీద పల్చటి ప్లాస్టిక్ కాగితం పరిచి, వేళ్ళ కొసలతో గుంటలోకంతా సర్దారు. విరిగిన చేతికి కట్టే ప్లాస్టర్ పట్టీలు తడిపి ఒకదాని మీద ఒకటి పరిచారు, బరువు పడకుండా, పూలు పరిచినట్టు. ఊరంతా తలుపు దగ్గరా, కిటికీ దగ్గరా. లోయిస్ కూడా వచ్చింది. ఓటుకి వచ్చానంది.

గట్టిపడేదాకా కదలకండి, నోరు తెరిచే ఉంచండి, అన్నారాయన అలవాటు కొద్దీ. నేను తెరిచాను. టిబోడో కూడా తెరిచాడు.

గట్టిపడింది. ఆయన అంచులు పట్టుకుని మెల్లిగా ఎత్తారు. కింది వైపు మాకు కనబడేలా తిప్పారు.

నేను అనుకున్నది వేరు. మధ్యలో, గుండ్రంగా, పెద్దగా, గంగాళమంత ఉంటుందనుకున్నాను. వచ్చింది చిన్నది. ఎడమ అంచున ఉంది. ఒక తుంటి. ఒక మడిచిన మోకాలు. మోచేతి బొడిపె. ముడుచుకుని పడుకున్న పిల్లిలా ఉంది.

రోక్సాన్ గొంతు సవరించుకుని, డార్లీన్, మీవాడు ఎంత మనిషన్నావు, అంది.

ఆరడుగుల పైన, అన్నాను.

టిబోడో టోపీ తీశాడు. మిస్ డార్లీన్, తప్పుగా అనుకోవద్దు, చెప్పు తియ్యొద్దు, ఇంత చిన్న పిరుదు అంత మనిషిది కాదు, అన్నాడు.

అబద్ధం, అన్నాను. చూడండి, అని కుర్చీ ఎక్కి, రోజూ పడుకునేట్టు పడుకుని చూపించాను. ఎడమ పక్కకి. అంచున. ముడుచుకుని. ఆర్విడ్ గారు అచ్చు తెచ్చి నా పక్కన పెట్టి చూశారు. కొలతలకి కుట్టినట్టుంది, అన్నారు, చాలా మెల్లిగా.

నాది. గుంట నాదే. వాడి గుంట చెడకూడదని ఇన్ని నెలలు కాపలా పడుకుని, పడుకున్నదానితోనే దాన్ని చెరిపేసి, నా గుంట చేసుకుని, దాన్ని చూసుకుని ఏడ్చాను. ఒక మగాణ్ణి దాని కోసం చెప్పుతో బెదిరించాను.

నవ్వొచ్చింది. ఆగలేదు. కుర్చీలో పడుకునే నవ్వాను. రోక్సాన్ మొదలెట్టింది, టిబోడో మొదలెట్టాడు, కిటికీ దగ్గర ఎవరో గోడ కొట్టి మరీ నవ్వారు. లోయిస్ నవ్వి నవ్వి దగ్గులో పడింది. నాది ఎప్పుడు ఏడుపయిందో నాకు తెలీదు. ఆర్విడ్ గారు కాగితం కప్పులో నీళ్ళిచ్చి, పుక్కిలించండి, అన్నారు.

పుక్కిలించాను. కోసెయ్యండి, అన్నాను.

ఓటు అవసరం పడలేదు.

అక్టోబర్ 24

కోశారు. టిబోడో రంపం, రోక్సాన్ అరుపులు. ముందు చేతులు ఊడదీశారు. సీటు కింద నుంచి వేరుశనగ తొక్కలు దోసెడు వచ్చాయి. ఒంటి మేజోడు. టైర్ల షాపు పానా. నా కళ్ళజోడు. నేను చూళ్ళేదమ్మా, ఒట్టు, నేను చూళ్ళేదు, అని వాడు వందసార్లు చెప్పిన కళ్ళజోడు. అన్నాళ్ళూ దాని మీదే కూర్చున్నాడు దొంగవెధవ. పెట్టుకుని చూశాను. ఇంకా కనబడుతోంది.

తరవాత వీపు. టిబోడో రంపం పైన పెట్టాడు. లోయిస్ నిలబడి చూస్తోంది. సరిగ్గా కోస్తారా లేదా చూడటానికొచ్చానంది. ఉన్నట్టుండి, ఆగవయ్యా, అంది.

కుర్చీ వీపు పై చివర వేలు పెట్టింది. ఇదేంటి, అంది.

చూశాను. అక్కడ గోధుమరంగు నల్లగా, జిడ్డుగా ఉంది. తలంత. ఎన్నో ఏళ్ళ జిడ్డు.

ఇది నీది కాదు కదమ్మా, అంది లోయిస్. నీ తల ఇక్కడిదాకా ఎక్కడొస్తుంది, నువ్వు ఎగిరినా రాదు, అంది.

దగ్గరికి వెళ్ళి వాసన చూశాను.

జుట్టు నూనె.

ఇక్కడే ఉన్నాడు. నేను ఎప్పుడూ కిందికి చూశాను.

లోయిస్ టిబోడో చేతిలోంచి రంపం తీసుకుని, నువ్వు పాడుచేస్తావు, ఇటివ్వు, అని ఆ ముక్క చుట్టూ తనే కోసింది. తలగడంత ముక్క. తలుపులోంచి సునాయాసంగా వచ్చింది.

అక్టోబర్ 25, శనివారం

లోయిస్ ఇల్లు లేచింది, నా ఇంటి పక్కనే. ఆర్విడ్ గారు తలుపు కొలతకి అట్టతో చట్రం కత్తిరించి మెళ్ళో తగిలించుకుని తిరిగారు. లోపలికి వెళ్ళే ప్రతిదాన్నీ అందులోంచి దూర్చి చూశారు. మంచం దూర్చారు. కాసరోల్ పళ్ళెం దూర్చారు. పాస్టర్ హెడ్విగ్‌ని కూడా అటు తిరిగి నిలబడమన్నారు. లోయిస్‌ని మాత్రం లోపల ఒక్క నిమిషం కూర్చోనివ్వలేదు. ఆమె వానలో నిలబడి, ఈవిడ పుణ్యమాని నాకు కాఫీ కూడా లేదు, అని నన్ను తిట్టింది. నా కాఫీ ఇచ్చాను.

అచ్చు సంగతి. పారేద్దామంటే చెయ్యి రాలేదు. అందరి గుమ్మాల ముందూ మెట్టుగా చెక్క పీటలున్నాయి, నాకు ఇంకా లేదు. టిబోడో అచ్చుకి చుట్టూ మందంగా చెక్క బిగించి, లోయిస్ ఇంటి కింద దిమ్మలకి కలిపిన సిమెంటు మిగిలితే అందులో నింపేశాడు. పైన చదును. కింద ఉబ్బు. ఆ ఉబ్బుని నా గుమ్మం ముందు బురదలో దించితే కదలకుండా కూర్చుంది. రోక్సాన్ చూసి, కూర్చోవడం బాగా వచ్చు దానికి, అంది.

నూనె ముక్క ఎక్కడ కొట్టాలి అని టిబోడో అడిగాడు. లోపల వద్దన్నాను. లోపలుంటే మళ్ళీ దాని ముందే కూర్చుండిపోతాను. బయట, తలుపు పక్కన, చూరు కింద కొట్టమన్నాను. వేలన్ షాపు నుంచి వచ్చి ఎప్పుడూ తలుపు పక్కనే నిలబడి కబుర్లు చెప్పేవాడు, బూట్లు బురద, లోపలికొస్తే తిడతానని. ఎంత ఎత్తులో, అన్నాడు టిబోడో. చెయ్యెత్తి చూపించాను. ఇంకా పైకి, అన్నాను. ఇంకాస్త.

బయట సామాను ఉండకూడదు కదా అని రోక్సాన్ వంక చూశాను. ఆమె ఆకాశం వంక చూసింది. నాకేం సామాను కనబళ్ళేదు, అంది.

అక్టోబర్ 26

మంచం మీద పడుకున్నాను. కాళ్ళు చాపితే ఎంతదూరమో పోయాయి. నా కాళ్ళు ఇంత పొడుగని మర్చిపోయాను. నిద్ర పట్టలేదు. లోయిస్ దగ్గు గోడలోంచి వినబడుతూ ఉంది. తెల్లారేసరికి ఆగింది. భయమేసి వెళ్ళి తలుపు కొట్టాను. నిద్రపోతున్నాన్రా నాయనా, ఇన్నాళ్ళకి, అని తిట్టింది.

నవంబర్ 3

ఇన్‌స్పెక్టరమ్మ. చెప్పులు తుడుచుకుంది. లోపలికి వచ్చింది. మంచం చూసింది, కిటికీ దాకా నడిచింది, మళ్ళీ తలుపు దాకా నడిచింది. గంతెయ్యనా అని అడిగాను. అక్కర్లేదు అంది. ఆకుపచ్చ స్టిక్కర్ అంటించింది.

పోతూ పోతూ తలుపు పక్కన ఆగి, ఇదేంటమ్మా, అంది.

మావాడు, నిలబడ్డాడు, దారికి అడ్డం లేడు కదా, అన్నాను.

చూసింది. లేడు, అంది.

నవంబర్ 9

వాన. గేటు కాపలా వంతు ముగించుకుని వచ్చి ఇంటి మెట్టెక్కాను. లోపలికి పోలేదు. వెనక్కి తిరిగి గోడకి వీపు ఆనించాను. నా పిరుదు మీద నేనే నిలబడితే తల సరిగ్గా ఆ నూనె ముక్క కింది అంచుకి అందింది.

కాస్త జరగరా, తడుస్తున్నాను, అన్నాను.